రెండో చెంచా

బరంపురం, అంకులి
12 జూలై 1940

అప్ప కాసమ్మకు తమ్ముడు కూర్మయ్య దండాలు పెట్టి రాసుకుంటున్నాడు.

నీకు ఉత్తరం రాసి నాలుగు నెలలైంది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. రాయకపోవడానికి కారణం ఉంది. అది చెప్పడానికే ఇప్పుడు ప్రెస్సులో అందరూ అన్నాలు తింటున్న వేళ కూర్చున్నాను. ఇంట్లో దీపం పెట్టాక రాయలేను. దీపం పెట్టాక నాకు ఏమీ కనబడదు.

నాకు రేచీకటి వచ్చింది అప్పా.

శివరాత్రికి ముందే మొదలైంది. పొద్దు వాలితే చాలు, కళ్ళకు తడిగుడ్డ కట్టినట్టుంటుంది. పెద్దబజారులో మా ప్రెస్సు నుంచి అంకులికి ఎవడో ఒకడి అడుగుల చప్పుడు వెంట నడిచి, చివర గోడలు తడుముకుంటూ ఇల్లు చేరుతున్నాను. పోయిన వారం దారిలో పడుకున్న ఆవు మీద పడ్డాను. మోకాలు చూసి పుణ్యవతి ఏమిటని అడిగితే కాలు జారిందన్నాను. పెళ్ళానికి చెప్పని మాట నీకు చెబుతున్నాను.

అసలు భయం ప్రెస్సుది. ఒరిస్సా కొత్త రాష్ట్రం వచ్చాక తెలుగు పని తగ్గిపోయింది. కటకం నుంచి వచ్చే ఫారాలన్నీ ఒరియావే. ఆ గుండ్రటి అక్షరాలు కూర్చడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. నేర్చుకున్నాను గనకే ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు సాయంత్రమైతే ఆ సీసపు అక్షరాల్లో ఒకదానికీ ఒకదానికీ తేడా తెలియడం లేదు. కోర్టు వేలం నోటీసులో పదిహేడో తారీఖు బదులు పదకొండు కూర్చాను. జనం ఆరు రోజుల ముందే వచ్చి కోర్టు దగ్గర నిలబడ్డారట. యజమాని వైకుంఠరావుగారు అరవలేదు. "కూర్మయ్యా, ఇంకొక్కసారి ఇలా అయితే నిన్ను ఉంచుకోలేను" అన్నారు. అరిచినా బాగుండేది.

ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు రెప్పలు తిప్పి చూసి ఏం తింటావని అడిగారు. అన్నం, చారు, పచ్చడి అన్నాను. "సముద్రం ఒడ్డువాడివి, చేప తినవా?" అన్నారు. ఏం చెప్పను? ఇంట్లో నీచు వండకూడదనే షరతు మీదనే మాకు ఇల్లిచ్చారు. చేప ముట్టి ఐదేళ్ళయింది. ఆకుకూరలు తినమని, రోజుకొక చిన్న చెంచా చేప కార్జం నూనె తాగి నెల తర్వాత కనబడమని చెప్పారు. ఇంగ్లీషు సీమ నుంచి ఓడల మీద వచ్చే ఆ నూనె సీసాలు యుద్ధం మూలాన మందుల షాపుల్లో లేవు.

ఈమధ్య ఒక మందుల షాపు కోసం మేము పదహారు పేజీల పుస్తకం అచ్చు వేశాం. విటమినుల గురించి. అంతా నేనే కూర్చాను. 'ఏ' అనే విటమిను తక్కువైతే రేచీకటి వస్తుందనీ, చర్మం పొడిబారుతుందనీ, పిల్లలు ఎదగరనీ అందులో ఉంది. అది సొరచేప కార్జం నూనెలో దండిగా ఉంటుందట. మన రేవులో సొరలకు కొదవా? కాస్త నూనె కాచి, ఎండుచేపల బండి తవిటయ్య చేత పంపు. ఇంటికి కాదు, ప్రెస్సుకు ఇమ్మను.

నా కళ్ళు నీ చేతిలో ఉన్నాయి.

కూర్మయ్య

*

రామయ్యపట్నం
19 జూలై 1940

తమ్ముడు కూర్మయ్యకు కాసమ్మ దీవెనలు.

రామమూర్తి మాస్టారు నేర్పిన మూడు తరగతుల చదువుతో పుస్తకం భాషలో రాస్తున్నాను. నవ్వకు. అక్షరాలు వంకర అయితే నీ సీసం అక్షరాలతో సరిచేసుకో.

నీ ఉత్తరం చదివి పొయ్యి దగ్గర కూర్చుండిపోయాను. అన్నం మాడిపోయింది. మీ బావ గంగన్న వచ్చి ఏమైందని అడిగితే చెప్పాను. "అయిదేళ్ళు సేప తినకుండా ఎలగ బతికినాడే, ఆడు మనిసేనా!" అన్నాడు. అన్నాడే గానీ మర్నాడు వలలో పడ్డ చిన్న పాలసొరల కార్జాలన్నీ ఎవరికీ ఇవ్వకుండా నాకు తెచ్చి పోశాడు.

సన్నసెగ మీద కాచి, గుడ్డలో వడగట్టి ఒక సీసాడు పంపుతున్నాను. బాలింతలకు మనం పెట్టే సొరే, భయం లేదు. నాలిక మీద ఉప్పుకల్లు వేసుకుని మింగు. డాక్టరు ఒక చెంచా అన్నాడు కదా, ఒక చెంచాయే తాగు.

పుణ్యవతికి చెప్పు. మొగుడికి కళ్ళు కనబడటం లేదని ఎవరో చెబితే తెలుసుకోవడం ఏ ఆడదానికైనా చావులాంటిది. అమ్మడు బాగుందా? మాటలు తేటగా వచ్చాయా, ఇంకా నత్తిగానే ఉందా? నాకు పిల్లలు లేని లోటు ఆ పిల్లే తీర్చాలి.

కాసమ్మ

*

బరంపురం
3 సెప్టెంబరు 1940

అప్పా!

నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి ఒక్కణ్ణే నడిచి వచ్చాను. ఎవరి వెనకా కాదు. దారిలో మిఠాయి కొట్టు దీపం కనబడింది. దాని కింద కూర్చున్నవాడి మీసం కనబడింది. నడిరోడ్డు మీద ఏడ్చాను.

నెల రోజుల్లో ఇంత గుణం ఇచ్చింది నీ నూనె. వైకుంఠరావుగారు ప్రూఫు చూసి, "ఒక్క తప్పూ లేదే" అని రెండోసారి చూశారు. పుణ్యవతికి కూడా చెప్పేశాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు చెంచా కడిగి నా ముందు పెట్టింది.

చెంచా మాట వచ్చింది గనక చెబుతున్నాను. ఇప్పుడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగుతున్నాను. ఒక చెంచా ఇంత చేస్తే రెండో చెంచా ఎంత చేస్తుందో అనిపించింది. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాను. ఏ రోజు ఎంత తాగాను, ఎంత దూరం కనబడింది, తల ఎలా ఉంది అన్నీ రాస్తున్నాను. డాక్టరుగారు నెల తర్వాత రమ్మన్నారు గానీ బాగైనవాడికి ఆసుపత్రి ఎందుకు? రోగుల వరసలో నిలబడితే సగం రోజు పోతుంది.

అమ్మడే కొంచెం చిక్కింది. నాలుగేళ్ళు నిండినా ఎదురింటి మూడేళ్ళ పిల్ల కంటే పొట్టిగా ఉంది. మా ఇంట్లో అదీ చేప ఎరగదు కదా.

సీసా అయిపోవచ్చింది. ఇంకా పంపు. ఈసారి పెద్ద సీసా పంపు.

కూర్మయ్య

*

రామయ్యపట్నం
30 అక్టోబరు 1940

కూర్మయ్యకు,

నీ ఉత్తరం రేవులో పదిమందికి చదివి వినిపించాను. నా నూనెతో నా తమ్ముడికి చూపు వచ్చిందని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. మాస్టారు నాకు డాక్టరు కాసమ్మ అని పేరు పెట్టారు.

ఈ నెలంతా గాలివాన. పడవలు ఒడ్డునే పడి ఉన్నాయి. పాలసొర ఒక్కటీ లేదు. పోయిన నెల పంపిన సీసా అయిపోవస్తోందని నువ్వు రెండు ఉత్తరాలు వేశావు. నాకు నిద్ర పట్టలేదు. చివరికి మొన్న గాలి తగ్గాక వెళితే మీ బావ వలలో పెద్ద సొర పడింది. పడవంత సొర. ఒడ్డుకు లాగడానికి పన్నెండు మంది పట్టారు. దాని కార్జం ఒక్కటే బుట్టెడు. మూడు సీసాల నూనె దిగింది. ముదురు రంగు, చిక్కగా ఉంది. వాసన గట్టిగా ఉంటుంది, ఓర్చుకో.

మా అత్త జగ్గమ్మ ఏదో గొణిగింది. ముసలావిడ గొణగని రోజేది?

మూడు సీసాలూ పంపుతున్నాను. వేసంగి దాకా నీకు లోటు లేదు.

కాసమ్మ

*

బరంపురం
21 డిసెంబరు 1940

అప్పా,

మాకు రోజులు బాగాలేవు.

నీ నూనె అందింది. తాగుతూనే ఉన్నాను. కానీ ఏమిటో, కార్తీకం నడిమి నుంచి తలనొప్పి. మామూలు నొప్పి కాదు. పొద్దున లేచేసరికి తల లోపల ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉంటుంది. పెదవులు పగిలి నెత్తురొస్తోంది. చేతుల మీద తోలు పొరలు పొరలుగా లేస్తోంది. ఇప్పుడు పట్టపగలే అక్షరాలు రెండేసిగా కనబడుతున్నాయి. పట్టుకున్నది ఒకటి, దాని పక్కన దాని దెయ్యం ఒకటి.

ఆ విటమినుల పుస్తకం మళ్ళీ తీసి చదివాను. చర్మం పొడిబారడం, చూపు తగ్గడం రెండూ 'ఏ' విటమిను చాలకపోవడానికి గుర్తులని స్పష్టంగా ఉంది. అంటే తాగుతున్నది నాకు చాలడం లేదన్నమాట. మూడు చెంచాలు చేశాను. తలనొప్పి పెరిగింది. నాలుగు చేశాను. నా నోటు పుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఎక్కడో లెక్క కుదరడం లేదు. ఒకవేళ వేరే సత్తువ తక్కువైందేమోనని మందుల షాపతను ఈస్టు మాత్రలిచ్చాడు, నెత్తురు పట్టడానికి ఇనుము టానిక్కు ఇచ్చాడు. అవీ వేసుకుంటున్నాను. ఇనుము తాగిన రోజు కడుపులో వికారం. అందుకని ఇనుము తగ్గించి నూనె పెంచాను.

నా సంగతి అలా ఉంచు. అమ్మడు నడవడం లేదు.

పది రోజులైంది. కాళ్ళు నొప్పి అంటుంది. ఎత్తుకోబోతే కీచుమని అరుస్తుంది. మోచేతుల దగ్గర, పిక్కల దగ్గర గట్టిగా వాచింది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా చేతిలోకి వస్తోంది. తిన్నది కక్కేస్తోంది. పుణ్యవతి దాన్ని ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంటుంది, అలాగే తెల్లవారుతుంది. ఆసుపత్రిలో చూపించాం. ఏం తింటుంది, ఏమైనా మందు వాడుతున్నారా అని డాక్టరుగారు అడిగారు. ఏమీ లేదని పుణ్యవతి చెప్పింది. ఎముకల రోగమేమో అన్నారు. సున్నపు మాత్రలు రాసిచ్చారు. వేస్తున్నాం. గుణం లేదు.

రెండు సీసాలు అయిపోయాయి. మూడోది సగం ఉంది. ఆ పెద్ద సొర నూనెలాంటిదే ఇంకా ఏమైనా దొరుకుతుందేమో చూడు. తొందరగా.

కూర్మయ్య

*

రామయ్యపట్నం
26 డిసెంబరు 1940

తమ్ముడూ,

నూనె ఆపు. ఈ కార్డు అందిన పూటే ఆపు. ఆ నూనె చెడిపోయిందని మీ బావ అంటున్నాడు. కార్జం ఎండలో ఉండిపోయిందట. ఉన్నది పారబొయ్యి.

ఇంకొకటి అడుగుతున్నాను, నిజం చెప్పు. రెండు నెలల్లో రెండు సీసాలు నువ్వొక్కడివే తాగావా? అమ్మడికి పోశావా?

వెంటనే రాయి.

కాసమ్మ

*

బరంపురం
2 జనవరి 1941

అప్పా,

చెడిన నూనె వాసన నాకు తెలియదనుకున్నావా? నేను పుట్టింది ఏ రేవులో? ఆ నూనె చెడలేదు. మళ్ళీ కాచి పంపడం కష్టమైతే కష్టమని రాయి. పిల్ల మంచం మీద ఉన్నప్పుడు నాతో అబద్ధాలాడకు.

అడిగావు గనక చెబుతున్నాను. పోశాను. దసరా నుంచి పోస్తున్నాను.

పుణ్యవతి నీళ్ళకు వెళ్ళే వేళ, బెల్లం ముక్క చేతిలో పెట్టి పోసేవాణ్ణి. మొదట సగం చెంచా. "అమ్మకి సెప్పకు" అంటే నవ్వి నోరు మూసుకునేది. నా కళ్ళు చూశావు కదా, చీకటిలోంచి లేచి వచ్చాయి. నా పిల్ల కూడా అలాగే ఎదగాలనుకున్నాను. పొట్టిగా ఉందని ఎదురింటివాళ్ళు అన్నప్పుడల్లా నాకు గుండెలో మంట. నవంబరులో ఒక చెంచా చేశాను. కాళ్ళు నొప్పులన్నప్పుడు రెండు చేశాను. పుస్తకంలో ఎక్కడా వద్దని లేదు అప్పా. తక్కువైతే ఏమవుతుందో పదహారు పేజీలూ అదే. ఎక్కువైతే ఏమవుతుందని ఒక్క వాక్యం లేదు. ఆ పుస్తకం కూర్చిన వేళ్ళు నావి. ఉంటే నాకు తెలిసేది.

డాక్టరు అడిగినప్పుడు పుణ్యవతి ఏమీ లేదంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే ఇన్నాళ్ళు దాచినట్టు ఆవిడకి తెలుస్తుంది.

నిన్న అమ్మడు నా వైపు తిరిగి, "నాన్నా, నూనె తాగితే లేస్తానా?" అంది. తనే అడిగింది. లేస్తావన్నాను. మూడు చెంచాలు పోశాను. కక్కింది. మళ్ళీ పోశాను.

ఇంకొక పావు సీసా ఉంది. అది అయ్యేలోగా పిల్ల లేవకపోతే నేనేం చేస్తానో నాకే తెలియదు. నూనె ఆపమని మాత్రం రాయకు. నా చేతిలో ఉన్నది అదొక్కటే.

కూర్మయ్య

*

రామయ్యపట్నం
4 జనవరి 1941

కూర్మయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మీ బావ చేతికిచ్చి ఇచ్ఛాపురంలో రైలెక్కిస్తున్నాను. నువ్వు ఇది చదవడం మొదలుపెట్టేలోగా ఆ సీసా పగలగొట్టమని చెప్పాను. అడ్డుపడకు.

నూనె చెడలేదు. నేను అబద్ధం రాశాను. నిజం రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ పెద్ద సొర కార్జం నేను పొయ్యి మీద పెట్టిన రోజు మా అత్త జగ్గమ్మ గుడిసెలోంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఇనుకోయే కోడలా. సిన్న సొర కార్జం వొండుకు తింతాం, బాలింతలకీ ఎడతాం. పెద్ద సొరది మాత్తరం మనుసులు నోట్లో ఎట్టరు. పడవకి పూత్తారు, అంతే. నాను కాపరానికొచ్చిన యేడు నలుగురు మగోళ్ళు ఒడ్డున కాల్సుకు తిన్నారు. తెల్లారీసరికి తలకాయిలట్టుకుని ఇసకలో దొర్లినారు. నాలుగు దినాలకి పాము కుబుసంలాగ తోలు ఊడిపోనాది. ముగ్గురు లెగిసినారు. మా మరిది లెగనేదు. నీ తమ్ముడికి అది పంపకే."

"సెంచాడే కదా అత్తా, బుట్టెడు కార్జం తింతాడేటి?" అన్నాను.

"సెంచాడు అంతావు. రోజూ సెంచాడు అయితే బుట్టెడు అవదేటి?" అంది.

నేను వినలేదు తమ్ముడూ. నువ్వు రెండు ఉత్తరాలు వేశావు, పంపలేకపోతే నీకు మళ్ళీ కళ్ళు పోతాయనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నేను డాక్టరు కాసమ్మను అయిపోయాను. పదిమందిలో గొప్ప చెప్పుకున్నాను. ముసలిదాని మాట విని చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు నామర్దా అయింది. అందుకే నీకు ఏదో గొణిగిందని రాశాను. ఆవిడ గొణగలేదు. ఏడ్చింది.

నీ డిసెంబరు ఉత్తరంలో తోలు ఊడుతోందన్న చోట అత్త మాట గుర్తొచ్చింది. అప్పుడైనా నిజం రాయలేకపోయాను. నువ్వు పిల్లకి మూడు చెంచాలు పోశానన్న ఉత్తరం ఈ పొద్దు వచ్చింది. చెడిన నూనె అని కాక, విషమని రాసి ఉంటే ఆ మూడూ పోసేవాడివి కాదు. ఆ మూడు చెంచాలూ నావి.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతున్నాను. సీసా పగలగొట్టండి. పుణ్యవతికి చెప్పు. నువ్వు చెప్పకపోతే మీ బావ చెబుతాడు. డాక్టరు దగ్గరకు వెళ్ళి ఏం పోశావో, ఎంత పోశావో, ఎన్నాళ్ళు పోశావో అంతా చెప్పు. ఆ ముగ్గురూ ఏం తిని లేచారని అత్తను అడిగాను. "ఏటీ నేదు. మరి తిననేదు, లెగిసినారు" అంది. ఏ మందూ వద్దు. ఆపడమే.

కాసమ్మ

*

బరంపురం
11 జనవరి 1941

కాసమ్మగారికి,

మీ ఆయన వచ్చారు. గుమ్మంలోనే సీసా అడిగారు. నేను ఇవ్వలేదు. నన్ను పక్కకు తోసి వెతికి తీసి పెరట్లో బండకు కొట్టారు. వాసనకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు లేచి వచ్చారు. మా ఊరేదో, మా కులమేదో అడిగారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అది పెద్ద విషయం కాదు.

ఆ గొడవలోనే పుణ్యవతి ముందుకు వచ్చింది. మీ ఉత్తరం తీసుకుని చదివింది. నా వైపు చూసి ఒక్కటే అడిగింది. "ఎన్ని సెంచాలు?"

నా నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాను. చివరి పేజీల్లో పిల్ల లెక్క ఉంది. ఆవిడ ఒక్కొక్క పేజీ తిప్పుతూ చదివింది. చదివి, పిల్లను దుప్పటిలో చుట్టి ఎత్తుకుని, పుస్తకం కొంగులో పెట్టుకుని ఆసుపత్రికి నడిచింది. నేను వెనకాల నడిచాను.

డాక్టరుగారు ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చూశారు. తర్వాత నాతో అన్నారు, "ఒక్క చెంచా అన్నాను. అదీ నీకన్నాను." ఇంతకు ముందు ఇలాంటిది తాను చూడలేదట. ఏమవుతుందో చెప్పలేనన్నారు. నూనె, మాత్రలు, టానిక్కు అన్నీ ఆపించారు. గంజి, మజ్జిగ, పళ్ళరసం ఇమ్మన్నారు. కాలేయం వాచిందట. ఆగి చూడాలన్నారు.

ఆగి చూస్తున్నాం. పిల్ల కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ పడుకుంటోంది. నన్ను చూస్తే నోరు తెరుస్తోంది, నూనె పోస్తాననుకుని. ఆ తెరిచిన నోరు చూడలేక నేను ఇంట్లోకి పోవడం మానేశాను.

జగ్గమ్మ మాట మీరు ఒక్క వాక్యం రాసి ఉంటే నేను ఆ మూడు సీసాల్లో ఒక్కటీ తెరిచేవాణ్ణి కాదు. ఇక ఉత్తరాలు వద్దు.

కూర్మయ్య

*

రామయ్యపట్నం
9 మార్చి 1941

తమ్ముడూ,

వద్దన్నావు. రెండు నెలలు ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు.

పోస్టు జవాను మా వీధిలోకి రాకుండానే దూరం నుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. వాడికి కూడా తెలిసిపోయింది. తవిటయ్య బండితో బరంపురం వెళ్ళినప్పుడు చూసి రమ్మన్నాను. మీరు ఇల్లు మారారనీ, ఎక్కడికో ఎవరూ చెప్పలేదనీ వచ్చి చెప్పాడు. పిల్ల ఉందా అని అడిగితే, "తెలీదమ్మా, నాను అడగనేకపోనాను" అన్నాడు. ఈ కార్డు ప్రెస్సు పేరు మీద వేస్తున్నాను.

నేను రేవుకు వెళ్ళడం మానేశాను. నూనె కాచిన కళాయి మళ్ళీ పొయ్యి మీద పెట్టలేదు. మీ బావ ఏమీ అనడు. అనకపోవడమే నాకు ఎక్కువ. మా అత్త మాత్రం నా పక్కన పడుకుంటోంది. "నాను గట్టిగా అరిసి సెప్పవలిసింది. ముసల్దాన్నని ఊరుకున్నాను" అంటుంది. ఆవిడ కూడా తప్పు తన మీద వేసుకుంటోంది చూడు. మనం చేసిన తప్పును ఎంతమంది మోస్తున్నారో.

క్షమించమని అడగను. నాకు ఒక్క మాట కావాలి. అమ్మడు ఉందా, లేదా. ఉందనైనా రాయి, లేదనైనా రాయి. లేదని రాస్తే నేను బతకలేననుకుని రాయకుండా ఉంటున్నావేమో. బతుకుతాను. తెలియకుండా బతకడం మాత్రం కుదరడం లేదు.

కాసమ్మ

*

బరంపురం
2 ఏప్రిల్ 1941

అప్పా,

ఉంది.

మొదట అది రాసి తర్వాత మిగతాది రాద్దామని. మొదటి ఇరవై రోజులు మేము ఆశ వదిలేశాం. కక్కడం ఆగింది గానీ తోలు ఊడడం ఆగలేదు. అరిచేతులు, అరికాళ్ళు ఎర్రటి పచ్చిమాంసంలా అయ్యాయి. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మిగలలేదు. సంక్రాంతి వెళ్ళిన పదిహేను రోజులకు ఒక పొద్దున్న పుణ్యవతి గంజి పడుతుంటే గిన్నె తోసేసి, "ఉప్పు లేదు" అంది. అన్ని రోజుల్లో అది ఏడుపు కాకుండా మాట్లాడిన మొదటి మాట అదే. పుణ్యవతి ఉప్పు డబ్బా తెచ్చి, మూత తియ్యలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

వాపులు మెల్లగా తగ్గాయి. ఫిబ్రవరి చివర కూర్చుంది. పోయిన వారం మంచం పట్టె పట్టుకుని నిలబడింది. నిన్న మూడడుగులు వేసింది. కుడికాలు ఇంకా పూర్తిగా చాపలేదు, కొంచెం ఈడుస్తుంది. అది పోతుందో ఉండిపోతుందో డాక్టరుగారు కూడా చెప్పలేకపోతున్నారు.

నా తలనొప్పి నెల రోజుల్లో పోయింది. రేచీకటి తిరిగి రాలేదు. ఎడమకంటి నడుమ ఒక మరక మిగిలిపోయింది. సన్న అక్షరాలు ఇక కూర్చలేను. ఆ మాట వైకుంఠరావుగారితో నేనే వెళ్ళి చెప్పాను. ఈసారి దాచలేదు. గోడల మీద అంటించే నోటీసుల పెద్ద కొయ్య అక్షరాల పని ఇచ్చారు. చెయ్యెడు అక్షరాలు. వాటిని గుడ్డివాడు కూడా కూర్చగలడు.

నీ మార్చి కార్డు మూడు వారాలు జేబులో పెట్టుకు తిరిగాను. జవాబు రాయకపోవడానికి కోపం కారణమని నాకు నేను చెప్పుకున్నాను. కోపం కాదు. నీ మీద కోపం తగ్గితే, ఆ కోపం పెట్టుకోవడానికి నేను తప్ప ఇంకెవరున్నారు? నువ్వు ఒక మాట దాచావు. నేను ఎన్ని దాచాను? కళ్ళు పోయాయని దాచాను, డాక్టరు రమ్మన్న నెల దాటించాను, పిల్లకి పోశానని దాచాను, ఆసుపత్రిలో పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. ఆ మూడు చెంచాలు నీవని రాశావు. పోసిన చెయ్యి నాది అప్పా. అది కక్కినప్పుడు మళ్ళీ పోసిన చెయ్యి కూడా నాదే.

జగ్గమ్మత్త కాళ్ళకు నా దండం చెప్పు. తప్పు ఆవిడది కాదని నా మాటగా చెప్పు.

పుణ్యవతి నాతో పనికి కావలసినంతే మాట్లాడుతుంది. పిల్లకి నేను మంచినీళ్ళు ఇచ్చినా ముందు తను రుచి చూసి ఇస్తుంది. నిన్న అమ్మడు నిలబడ్డప్పుడు మాత్రం తనే నన్ను పిలిచింది. ఇద్దరం చెరో పక్కన చేతులు చాచి కూర్చున్నాం. మూడడుగులూ వాళ్ళమ్మ వైపే వేసింది. నాకు అది న్యాయంగానే తోచింది.

రాత్రి అన్నం పెడుతూ నీ సంగతి ఎత్తింది. ఈ మూడు నెలల్లో నీ పేరు ఆవిడ నోట రావడం ఇదే మొదలు.

"మీ అప్పని రమ్మని రాయి."

నేను తలెత్తి చూశాను.

"నానేటీ మరిసిపోనేదు. ఆవిడికి తిట్టవలిసినవి సేనా ఉన్నాయి. కాయితం మీద తిడితే నాకు తీరదు. ఎదర కూకోబెట్టి తిట్టాల. ముందు వొచ్చి గుంటని ఎత్తుకోమను. తరవాత తిడతాను."

ఇప్పుడు అంకులిలోనే రేకులు కొట్టేవాళ్ళ వరసలో చివరి ఇంట్లో ఉంటున్నాం. స్టేషనులో దిగి ఎవరినడిగినా చెబుతారు. పిల్లను ఎత్తుకునేటప్పుడు చంకల కింద పట్టుకోకు, అక్కడ ఇంకా నొప్పి. నడుం కింద చెయ్యి వేసి ఎత్తాలి. వచ్చాక పుణ్యవతి చూపిస్తుంది.

కూర్మయ్య